క్రీట్‌లో పది రోజులు: అమ్మానాన్నలతో వెళ్తే ఎక్కడ దిగాలి, ఏవి వదిలేయాలి

ప్రశ్న: మేము మ్యూనిక్‌లో ఉంటున్నాం. అమ్మా నాన్నా గుంటూరు జిల్లా నుంచి మూడు నెలలకని వస్తున్నారు. ఇద్దరికీ 65 దాటాయి. సెప్టెంబర్ ఆఖర్లో నలుగురం కలిసి పది రోజులు గ్రీసులోని క్రీట్ దీవికి వెళ్దామనుకుంటున్నాం. మావారికి చరిత్ర పిచ్చి, నాకు సముద్రం కావాలి. నాన్న రైతు, ఆయన పొలాలూ పల్లెలూ చూడాలంటారు. అమ్మ శాకాహారి, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. హన్యా, సమరియా లోయ, ఎలఫోనిసి, బాలోస్, క్నోసోస్, స్పినలోంగా, వాయి అని జాబితా రాసుకుంటే రోజుకో ఊరు అయ్యేలా ఉంది. ఇది కుదురుతుందా? కారు తీసుకోవాలా? అమ్మ తిండి సంగతి ఏమిటి?

సమాధానం: మీ జాబితాలో పనికిరాని చోటు ఒక్కటీ లేదు. దీవి అనగానే చిన్నదే కదా అనుకోవడంతోనే చిక్కంతా వస్తుంది. క్రీట్ తూర్పు పడమరలుగా దాదాపు 260 కిలోమీటర్లు. ఉత్తరం నుంచి దక్షిణానికి ఎంత వెడల్పున్న చోటైనా 60 కిలోమీటర్లే, కానీ మధ్యలో మూడు కొండల వరసలు అడ్డంగా ఉన్నాయి: పడమట లెఫ్కా ఒరి, నడుమ ప్సిలోరితిస్, తూర్పున దిక్తి. మొదటి రెండింటి శిఖరాలూ 2,450 మీటర్లు దాటినవే. అందువల్ల ఈ తీరం నుంచి ఆ తీరానికి వెళ్లడమంటే ప్రతిసారీ ఘాట్ ఎక్కి దిగడమే. మ్యాప్‌లో 70 కిలోమీటర్లు కనిపిస్తే గంట అని లెక్కేయకండి. గంటన్నర పడుతుంది. మలుపులకు అమ్మగారికి కళ్లు తిరిగి మధ్యలో ఆగితే రెండు గంటలు.

కాబట్టి మకాం రెండు చోట్లే పెట్టుకోండి. మొదటి ఐదు రాత్రులు పడమట హన్యా దగ్గర, తరువాతి నాలుగు రాత్రులు మధ్యలో హెరాక్లియన్ దగ్గర. విమానం హన్యాలో దిగేలా, తిరుగు ప్రయాణం హెరాక్లియన్ నుంచి ఉండేలా టికెట్లు తీసుకోండి. వేసవి సీజన్‌లో మ్యూనిక్ నుంచి రెండింటికీ నేరుగా విమానాలున్నాయి, సీజన్ అక్టోబర్ ఆఖరు దాకా సాగుతుంది. ఒకే విమానాశ్రయానికి రానూపోనూ తీసుకుంటే, ఈ రెండు ఊళ్ల మధ్య 140 కిలోమీటర్ల రోడ్డు మీద ఒక రోజు ఊరికే పోతుంది. వాయి ఖర్జూరపు తోపు తూర్పు కొసన ఉంది, దాన్ని ఈసారికి కొట్టేయండి. సమరియా, బాలోస్, స్పినలోంగాల సంగతి వాటి వాటి చోట చెబుతాం.

టికెట్ల కంటే ముందు తేల్చుకోవాల్సింది అమ్మానాన్నల వీసా రోజులు. షెంగెన్ వీసాలో, అంటే జర్మనీ, గ్రీసు లాంటి యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసాలో, ఉండేది 90 రోజులు, మూడు నెలలు కాదు. దిగిన రోజూ, తిరిగి ఎక్కిన రోజూ రెండూ లెక్కలోకే వస్తాయి. వాళ్లు జూలై 5న మ్యూనిక్‌లో దిగితే 90వ రోజు అక్టోబర్ 2. గ్రీసులో గడిపిన రోజులు కూడా ఆ 90లోనివే. కనుక సెప్టెంబర్ చివరి ప్రయాణం పెట్టుకుంటే వాళ్ల రాక కాస్త వెనక్కి జరపాల్సి రావచ్చు. జర్మనీ ఇచ్చిన వీసాతో గ్రీసుకు వెళ్లడానికి అభ్యంతరం లేదు, ఎక్కువ రోజులు జర్మనీలో ఉంటే చాలు. అయితే సింగిల్ ఎంట్రీ వీసా అయితే చవగ్గా దొరికింది కదా అని ఇస్తాంబుల్ మీదుగానో లండన్ మీదుగానో టికెట్ కొనకండి. షెంగెన్ దాటి బయటికి వెళ్తే ఆ ఒక్క ఎంట్రీ అయిపోయినట్టే, తిరిగి రానివ్వరు. జర్మనీ నుంచి గ్రీసుకు పాస్‌పోర్టు తనిఖీ మామూలుగా ఉండదు, అయినా నలుగురి పాస్‌పోర్టులూ, మీ ఇద్దరి రెసిడెన్స్ కార్డులూ చేతి సంచిలో ఉండాలి.

కారు తీసుకోవాలి, సందేహం లేదు. ఉత్తర తీరం వెంట ఊరికీ ఊరికీ మధ్య బస్సులు బాగానే తిరుగుతాయి గానీ, పల్లెలకూ దక్షిణ తీరానికీ రోజుకు రెండో మూడో ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఎండలో బస్సు స్టాపు దగ్గర నిలబెట్టడం ఎందుకు? జర్మనీ లైసెన్స్ ఉన్నవాళ్లే నడపండి. నాన్నగారి భారతీయ లైసెన్స్ ఇండియాలో తీసుకున్న అంతర్జాతీయ పర్మిట్ లేకుండా చెల్లదు. అక్కడ మామూలుగా దొరికేది గేర్ల కారు. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేసుకోవాలి, అద్దె కూడా ఎక్కువే. హన్యాలో తీసుకుని హెరాక్లియన్‌లో వదిలేందుకు కొందరు అదనంగా వసూలు చేస్తారు, కొందరు చేయరు. అడిగి చూడండి.

ఇన్సూరెన్సు కాగితంలో 'ఫుల్' అన్న మాట చూసి ఊరుకోకండి. చాలా పాలసీల్లో టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం, పోయిన తాళం చెవి లోపలికి రావు. మట్టిరోడ్డు మీద దెబ్బ తగిలితే అసలు ఏ బీమా పనిచేయదని రాసి ఉండటమూ మామూలే. కారు తీసుకునేటప్పుడు నాలుగు వైపులా, రిమ్ములతో సహా, వీడియో తీసి పెట్టుకోండి. ఉత్తర తీరపు పెద్ద రోడ్డు చాలాచోట్ల ఒక్కో వైపుకు ఒక్కో వరసే. అక్కడి అలవాటు ఏమిటంటే, మెల్లగా వెళ్లే బండి కుడివైపు అంచు గీత మీదకు జరిగి వెనకాల వాళ్లకు దారి ఇస్తుంది. అందుకే వెనక బండి దగ్గరగా వచ్చి అంటుకుంటుంది. కంగారు పడకండి, రోడ్డు ముందుకు స్పష్టంగా కనిపిస్తుంటే జరగండి. సొరంగాల్లో, మూలమలుపుల్లో మాత్రం ఎంత తొందరపెట్టినా జరగవద్దు, ఆ అంచు మీదే ఎవరో బండి ఆపుకుని ఉండవచ్చు. ఫోన్‌లోని మ్యాప్ రెండు నిమిషాలు కలిసొస్తాయని పల్లె సందుల్లోకి తోస్తుంది. అద్దాలు మడిచినా కారు పట్టని సందులవి. ఊరు రాగానే బోర్డులను నమ్ముకుని పెద్ద దారిలోనే ఉండండి. కొండలకు బయల్దేరే ముందు ట్యాంకు నింపించుకోండి. బంకుల్లో మనిషే వచ్చి పోస్తాడు, పల్లెల్లో ఆదివారం మూసి ఉండొచ్చు.

ఇక బస. హన్యా పాత రేవు అందమే అందం, కానీ లోపలి హోటళ్లు మీకు వద్దు. కారు లోపలికి రానివ్వరు. రాళ్లు పరిచిన సందుల్లో పెట్టెలు ఈడ్చుకుంటూ పోవాలి. పాత వెనీషియన్ (వెనిస్ పాలన కాలపు) ఇళ్లలో గదులంటే నిటారు చెక్క మెట్లు, రాత్రి పొద్దుపోయేదాకా కింద హోటళ్ల సందడి. పాత ఊరి కోటగోడకు బయట, పడమటి పక్కనే ఉన్న నేయా హోరాలో చూడండి, సముద్రం ఎదురుగా ఉంటుంది, రేవుకు నడిచి వెళ్లొచ్చు. మాకైతే దానికంటే అపోకొరోనాస్ పల్లెలు మేలనిపిస్తుంది: వామోస్, గవలోహోరి లాంటివి. హన్యాకు అరగంట పైచిలుకు దూరం, రాతి ఇళ్లు, ఇంటి ముందే ఆలివ్ తోట, వంటిల్లు ఉన్న ఇల్లు అద్దెకు దొరుకుతుంది. నాన్నగారు పొద్దున్నే లేచి ఊరంతా తిరిగొస్తారు. రెండో మకాంకు హెరాక్లియన్ నగరం కాకుండా దక్షిణంగా 15 కిలోమీటర్ల దూరాన ద్రాక్షతోటల మధ్య ఉన్న అర్హానెస్ ఎంచుకోండి. గదికి రాత్రికి ఇంత అని హోటల్ తరగతిని బట్టి ఒక ప్రభుత్వ పన్ను ఉంది. అది చాలాసార్లు బుకింగ్ ధరలో కలవదు, దిగిన చోట విడిగా కట్టించుకుంటారు. ఇదేదో మోసమని గొడవ పడకండి.

సముద్రం విషయంలో ముందే రోజులు రాసి పెట్టుకోవద్దు. ఆ రోజుకు ఏ బీచ్ అన్నది గాలిని బట్టి తేలుతుంది. వేసవి పొడుగునా ఉత్తరం, వాయవ్యం నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది. సెప్టెంబర్ చివరికి దాని ఊపు తగ్గుతుంది గానీ ఆగిపోదు. ఉత్తర గాలి గట్టిగా ఉన్న రోజు ఉత్తర తీరంలో అలలు ఎక్కువ. అప్పుడు దక్షిణానికో, నైరుతిలోని ఎలఫోనిసికో వెళ్లాలి. దక్షిణపు వేడిగాలి వీస్తే ఉత్తర తీరం నిమ్మళంగా ఉంటుంది. రెండు రోజుల ముందు నుంచే గాలి సూచన చూసుకుని ఆ రోజుకు బీచ్ ఖాయం చేసుకోండి. గాలి బలం 6 బ్యూఫోర్ట్ దాటుతుందంటే చిన్న పడవల ప్రయాణాలు రద్దు కావచ్చు. రెథిమ్నోకు పడమటగా, జార్జియోపోలి వైపు ఉన్న పొడుగాటి ఇసుక తీరం చూడ్డానికి సాధువులా ఉంటుంది, అలలున్న రోజు మాత్రం లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. ఎర్రజెండా ఎగురుతుంటే మోకాలి లోతుకు కూడా దిగవద్దు. సెప్టెంబర్ చివర నీటి వేడి 24 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. మే నెలలో వెళ్లినవాళ్లు చలికి వణుకుతారు, మీకు ఆ బాధ లేదు.

మీ నలుగురికీ కలిసొచ్చే బీచ్ ఫలాసర్నా. పడమటి కొసన ఉంది, హన్యా నుంచి గంటా పది నిమిషాలు. కారు ఇసుక అంచు దాకా పోతుంది, విశాలమైన తీరం, నేరుగా సముద్రంలోకే సూర్యాస్తమయం. మీరు నీళ్లలో ఉంటే మీవారిని ఉత్తరం కొస వైపు మట్టిదారిన పంపండి. అక్కడ పాత ఫలాసర్నా రేవు పట్టణం ఉంది. రేవు గోడలూ, బురుజులూ, పడవ తాళ్లు కట్టే రాళ్లూ అన్నీ ఉన్నాయి, సముద్రమే లేదు. క్రీ.శ. 365లో వచ్చిన పెద్ద భూకంపం దీవి పడమటి భాగాన్ని పైకెత్తేసింది. ఇక్కడ నేల ఆరు మీటర్లకు పైగా లేచింది. రేవు మొత్తం ఆరిపోయి ఒడ్డుకు లోపల, పొదల మధ్య మిగిలింది. ఆ చుట్టుపక్కల తీరపు కొండరాళ్ల మీద మనిషి ఎత్తుకు పైన అడ్డంగా ఒక గీత కనిపిస్తుంది, అది ఒకప్పటి సముద్ర మట్టం.

ఎలఫోనిసి గులాబీ ఇసుకకు పేరు. ఆ రంగు ఇసుకలో కలిసిన సూక్ష్మజీవుల గుల్లల ముక్కల వల్ల వచ్చింది. ఫొటోల్లో కనిపించేంత గులాబీగా ఉండదు. నీళ్లు అంచులో పలచబడే చోట చారలుగా తేలుతుంది. నీళ్లు మోకాలి లోతే, ఎదుటి చిన్న దీవికి నడుచుకుంటూ వెళ్లొచ్చు, అమ్మగారు కూడా చీర కాస్త ఎత్తి పట్టుకుని వెళ్లగలరు. హన్యా నుంచి 75 కిలోమీటర్లు, గంటన్నర పైనే. దారిలో తోపోలియా దగ్గర ఒక బండి మాత్రమే పట్టే సొరంగం ఉంది, సిగ్నల్ చూసుకుని వెళ్లాలి. తొమ్మిదిలోపు చేరండి, లేదా మూడున్నర దాటాక. మధ్యాహ్నం టూరు బస్సులన్నీ అక్కడే ఉంటాయి. ఇసుక ఇంటికి తెచ్చుకోవడం నిషేధం, పిల్లల సీసాలో కొంచెమైనా సరే.

బాలోస్ బీచ్‌కు కారులో వెళ్తే ఎనిమిది కిలోమీటర్ల మట్టిరోడ్డు, తరువాత మెట్లదారిన దిగుడు. దిగడం కంటే ఎండలో తిరిగి ఎక్కడం కష్టం. కిస్సమోస్ రేవు నుంచి వెళ్లే పడవలో అయితే ఆ రెండు బాధలూ లేవు, కానీ రోజంతా దానికే, ఉత్తర గాలి ఉంటే ఊపు కూడా. ఫలాసర్నా, ఎలఫోనిసి రెండూ చూశాక బాలోస్ లేకపోతే వెలితేమీ ఉండదు. పూర్తిగా సోమరిగా గడపాలనిపించిన రోజు విమానాశ్రయం పక్కనున్న మరాథికి వెళ్లండి. చిన్నది, దక్షిణానికి తిరిగి ఉండటంతో ఉత్తర గాలి తగలదు, గొడుగుల వెనకే భోజనం దొరుకుతుంది. బీచ్‌లో గొడుగూ రెండు కుర్చీలూ కలిపి కిరాయి, ముందు వరసకు ఎక్కువ. కూర్చునే ముందే ధర అడగండి.

సమరియా లోయ గురించి ఖచ్చితంగా చెబుతాం: అమ్మానాన్నలతో వద్దు. 16 కిలోమీటర్ల నడక. 1,200 మీటర్ల పైనుంచి సముద్రం దాకా దిగుడే దిగుడు, అదీ గుండ్రాళ్ల మీద. ఆరేడు గంటలు పడుతుంది. మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడమే శత్రువు. మధ్యలో మనసు మార్చుకుంటే బయటపడే దారి లేదు. కింద అయియా రుమేలి అనే ఊరికి రోడ్డు లేదు, సాయంత్రం పడవలోనే బయటికి రావాలి. మీరిద్దరే ఒక రోజు వెళ్తామంటే పొద్దున్నే మొదలుపెట్టండి. లోయ మే 1 నుంచి అక్టోబర్ ఆఖరు దాకా తెరిచి ఉంటుంది, వాన సూచన ఉన్నా, ఎండ మరీ ఎక్కువైనా మూసేస్తారు.

దానికి బదులు నలుగురూ కలిసి దక్షిణ తీరంలోని హోరా స్ఫకియోన్‌కు కారులో వెళ్లి, అక్కడి నుంచి 20 నిమిషాల పడవలో లూట్రోకు వెళ్లండి. తెల్లటి ఇళ్లు, ఒక చిన్న అఖాతం, వెనక నిలువు కొండ. రోడ్డు లేదు కాబట్టి బండి చప్పుడే లేదు. ఉత్సాహం ఉంటే మీరిద్దరూ అదే పడవలో అయియా రుమేలి దాకా పోయి, లోయలో కింది నుంచి పైకి మూడు నాలుగు కిలోమీటర్లు నడిస్తే అందరూ ఫొటోలు తీసుకునే ఇరుకు చోటు, ఇనుప ద్వారాలు అనేది, వస్తుంది. అక్కడ రెండు వైపులా వందల మీటర్ల రాతి గోడలు, మధ్యలో నాలుగు మీటర్లకు మించని సందు. ఏం చేసినా తిరుగు పడవ వేళ టికెట్ కొన్నప్పుడే రాసుకోండి. ఆఖరి పడవ తప్పితే ఆ రాత్రి అక్కడే.

నాన్నగారికి పడమట రెండు చోట్లు. ఒకటి వూవెస్ అనే పల్లెలోని ఆలివ్ చెట్టు. వయసు రెండు వేల ఏళ్ల పైమాటే అంటారు. లోపలి మాను కుళ్లిపోయి బోలు అయింది కనుక వలయాలు లెక్కపెట్టి తేల్చే వీలు లేదు. వయసు మాట ఎలా ఉన్నా ఇప్పటికీ కాపు కాస్తోంది. రెండోది సూదా అఖాతం మీద కొండపైనున్న అప్టెరా శిథిలాలు. అక్కడ రోమన్ల కాలపు నీటి తొట్లు ఉన్నాయి, లోపలికి దిగి కమానుల కింద నిలబడొచ్చు. వానాకాలం నీటితో వేసవంతా పట్టణాన్ని బతికించిన ఏర్పాటు అది. అదే అఖాతం ఒడ్డున సూదా యుద్ధ శ్మశానం ఉంది. 1941 మే 20న జర్మన్ పారాట్రూపర్లు ఈ దీవి మీద దిగారు. ఆ పోరులో పోయిన మిత్రపక్ష సైనికుల సమాధులు 1,500 దాకా నీటి ఒడ్డున వరసగా ఉన్నాయి. జర్మన్ల సమాధులు 4,400కు పైగా మలెమెలో, ఫలాసర్నా దారిలో ఉన్నాయి. మీరుండేది జర్మనీలో కనుక రెండూ చూడండి.

ఆరో రోజు మకాం మారేటప్పుడు దారిలో రెథిమ్నోకు ఆగ్నేయంగా 23 కిలోమీటర్ల దూరంలోని అర్కాది మఠానికి వెళ్లండి. 1866 నవంబర్‌లో తురుష్క సైన్యం చుట్టుముట్టినప్పుడు, లోపల తలదాచుకున్న వందల మంది, ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలూ, ఉన్న మందుగుండు గదిని లోపలివాళ్లే అంటించారు. కప్పు లేని ఆ గది ఇప్పటికీ అలాగే ఉంది. మఠాల్లో భుజాలూ మోకాళ్లూ కప్పుకుని ఉండాలి.

క్నోసోస్, అంటే హెరాక్లియన్ పక్కనున్న పాత రాజభవనం శిథిలాల గురించి మీవారిని ముందే సిద్ధం చేయండి, లేకపోతే నిరాశ పడతారు. ఎర్ర స్తంభాలు, రెండంతస్తుల వరండాలు, పోస్టుకార్డులో ఉండేదంతా మూడొంతులు 20వ శతాబ్దపు కాంక్రీటు. ఇక్కడ మొదట తవ్వింది 1878లో హెరాక్లియన్‌కు చెందిన మినోస్ కలోకెరినోస్. 1900 నుంచి ఆర్థర్ ఎవాన్స్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త భారీగా తవ్వి, తనకు తోచిన రూపంలో తిరిగి కట్టించాడు. అసలు స్తంభాలు చెక్కవి, కాలిపోయాయి. గోడల మీద బొమ్మలు నకళ్లు, అసలు ముక్కలు మ్యూజియంలో ఉన్నాయి. అయితే సింహాసనం గదిలోని రాతి ఆసనం అసలుదే, దొరికిన చోటే ఉంది. పొద్దున తెరిచే వేళకే వెళ్లి నేరుగా ఆ గదికి నడవండి, పది దాటితే దాని ముందే పెద్ద వరస. తరువాత పడమటి పక్క గాదెలు చూడండి. మనిషంత ఎత్తు మట్టి జాడీలు, నూనె, ధాన్యం నిలవకు. నేల కింద మట్టి గొట్టాలు కొన్ని కంటికి కనిపిస్తాయి. ఒక కొస సన్నగా, ఇంకో కొస వెడల్పుగా చేసి ఒకదానిలో ఒకటి దూర్చారు. మూడున్నర వేల ఏళ్ల నాటి ఆ పైపులైను దగ్గర నాన్నగారిని తొందరపెట్టకండి.

టికెట్ ప్రభుత్వ ఈ-టికెట్ సైట్‌లో ప్రవేశ సమయం ఎంచుకుని ముందే కొనండి. సెప్టెంబర్ ఆఖరి శని, ఆదివారాలు ప్రభుత్వ పురావస్తు స్థలాలన్నింటికీ ప్రవేశం ఉచితం. మీ తేదీలు వాటిమీద పడితే ఆ రెండు రోజులు క్నోసోస్‌కు వెళ్లకుండా బీచ్‌కు వెళ్లండి, ఉచితం అనేసరికి జనం విరగబడతారు. సెప్టెంబర్ నుంచి సాయంత్రం మూసే వేళ కూడా రెండు వారాలకోసారి ముందుకు జరుగుతుంది, వెళ్లే ముందు చూసుకోండి. క్నోసోస్ చూశాక, ఎండ ముదిరే వేళకు హెరాక్లియన్ పురావస్తు మ్యూజియంలో ఉండాలి. ఎద్దు మీదుగా దూకే మనుషుల చిత్రం, రెండు చేతులా పాములు పట్టుకున్న బొమ్మ, మాలియాలో దొరికిన తేనెటీగల బంగారు పతకం, 1908లో ఫెస్టోస్‌లో దొరికిన మట్టి బిళ్ల అన్నీ అక్కడే ఉన్నాయి. ఆ బిళ్ల మీది రాతను ఇప్పటిదాకా ఎవరూ చదవలేకపోయారు. రెండు గంటలు పెట్టుకోండి, బల్లలున్నాయి, అమ్మగారు కూర్చోవచ్చు.

మరుసటి రోజు దక్షిణానికి, మెసరా మైదానానికి. ఈ ఒక్క రోజూ మీ ముగ్గురి కోరికలూ తీరతాయి. మొదట గోర్టిస్ అనే పాత నగరం శిథిలాలు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గోడ రాళ్ల మీద చెక్కిన చట్టం అక్కడ ఉంది, 600 పంక్తులకు పైగా. ఒక పంక్తి కుడి నుంచి ఎడమకు, తరువాతి పంక్తి ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. విడాకులు, దత్తత, ఆస్తి పంపకాల దాకా అందులో ఉన్నాయి. కొడుక్కు రెండు వాటాలైతే కూతురికి ఒక వాటా అని రాసి ఉంది. తరువాత ఫెస్టోస్, ఇంకో పాత రాజభవనం. ఇక్కడ కాంక్రీటు లేదు, వెడల్పాటి మెట్లూ, పునాదులూ, కింద మైలుకొద్దీ ఆలివ్ తోటలూ, ఎదురుగా ప్సిలోరితిస్. క్నోసోస్ కంటే ఇదే బాగుందని మీవారు అంటే మేము ఒప్పుకుంటాం. ఆలివ్ కోత నవంబర్‌లో మొదలవుతుంది కనుక మీరు వెళ్లేసరికి కాయ ఇంకా పచ్చిగా చెట్టు మీదే ఉంటుంది, మొదళ్ల దగ్గర నల్ల వలలు చుట్టి పెట్టి ఉంటాయి. కోత వేళ వాటినే చెట్ల కింద పరుస్తారు. ఎక్కువగా కనిపించే రకం కొరొనేకి, కాయ చిన్నది, నూనె ఎక్కువ. తింబాకి వైపు ప్లాస్టిక్ గుడారాల్లో టమాటా, దోస సాగు చేస్తారు. సాయంత్రానికి దగ్గర్లోని మతాలా బీచ్‌లో తేలండి. అక్కడి కొండలో తొలిచిన గుహలు పూర్వం సమాధులు, 1960లలో హిప్పీలు కాపురముండేవారు.

చివరి పూర్తి రోజుకు స్పినలోంగా, లసీతి పీఠభూమి రెండింటిలో ఒకటే పెట్టుకోండి. స్పినలోంగా ఒక చిన్న దీవి మీది వెనీషియన్ కోట, 1903 నుంచి 1957 దాకా కుష్ఠు రోగుల నివాసం. ప్లాకా నుంచి పడవలో పది నిమిషాలే గానీ, పైన నీడ లేదు, దారి ఎత్తుపల్లాలు. మీ ఇంటివాళ్లకు 840 మీటర్ల ఎత్తున ఉన్న లసీతి నయం: చల్లగాలి, ఆలుగడ్డ మడులు, ఆపిల్ చెట్లు, ఒకప్పుడు గుడ్డ తెరచాపలతో నీళ్లు తోడిన గాలిమరల మిగిలిన ఇనుప చట్రాలు. అక్కడి ప్సిహ్రో గుహ మెట్లు మాత్రం అమ్మగారికి వద్దు.

అమ్మగారి తిండికి బెంగ అక్కర్లేదు, యూరప్‌లో ఇంతకంటే తేలికైన చోటు తక్కువ. మెనూలో 'లాదెరా' అన్న భాగం చూడండి, అంటే ఆలివ్ నూనెలో ఉడికిన కూరలు. బామియెస్ అంటే మన బెండకాయే, టమాటాతో. వ్లీతా అని అడిగితే ఉడికించిన తోటకూర తెస్తారు, నిమ్మకాయ పిండుకుని తింటారు. సలాడ్‌లో గ్లిస్త్రిదా అన్నది గంగపాయల కూర. ఫావా పసుపు పచ్చని పప్పు, మన ముద్దపప్పులా ఉంటుంది, ఉల్లిపాయ ముక్కలతో ఇస్తారు. దాకోస్ అంటే గట్టి బార్లీ రొట్టె మీద టమాటా తురుము, జున్ను. పళ్లు గట్టిగా లేనివాళ్లు పది నిమిషాలు నాననివ్వాలి. ఈ కూరలు పొద్దున వండి పెడతారు, రాత్రికి అయిపోతాయి. కాబట్టి పెద్ద భోజనం మధ్యాహ్నమే చేయండి. టమాటా, మిరపకాయల్లో బియ్యం కూరిన గెమిస్తాలో కొన్నిచోట్ల కైమా ఉంటుంది, 'హోరిస్ క్రేయాస్' అంటే మాంసం లేకుండా అని అడగండి. జున్నుల్లో సంప్రదాయంగా గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన తోడు వాడతారు, అది కూడా కూడదంటే 'నిస్తీసిమో' అనండి. చర్చి ఉపవాసాల తిండి అది, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. రొయ్యలు, ఆక్టోపస్ మాత్రం ఉపవాసంలో చెల్లుతాయి, అవి వద్దని విడిగా చెప్పాలి.

వంటిల్లు ఉన్న ఇల్లు తీసుకుంటే రాత్రికి అన్నం, పప్పు ఇంట్లోనే. కందిపప్పు, చింతపండు, పోపు సామాను మ్యూనిక్ నుంచి పట్టుకెళ్లండి. అక్కడి పెరుగు నీరంతా వార్చి చిక్కగా చేస్తారు. పెరుగన్నానికి సగానికి సగం నీళ్లు పోసి గిలక్కొట్టాలి. గొర్రె పెరుగు వాసన అమ్మగారికి పడకపోవచ్చు, ఆవు పెరుగు ఏదో దుకాణంలో అడిగి తీసుకోండి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు నెయ్యి, పాలకోవా లాంటివి పెట్టెలో వద్దు, పాల పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు. భోజనం అయ్యాక అడగకుండానే చిన్న గ్లాసుల్లో రాకీ పెడతారు, బిల్లులో వేయరు. ద్రాక్ష తొక్కు, పిప్పి కాచి తీసిన గట్టి సారా అది. కారు నడిపేవారు మర్యాదగా పక్కన పెట్టేయాలి. రొట్టెకు మనిషికి ఇంత అని బిల్లులో పడుతుంది, అది మామూలే. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా పల్లెల్లో నిద్రవేళ, వీధిలో గట్టిగా మాట్లాడకూడదు.

నాన్నగారు ఆలివ్ నూనె కొంటామంటారు. సీసాలు కాకుండా మూత బిగించిన రేకు డబ్బా తీసుకోండి. ప్లాస్టిక్ సంచిలో చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టాలి, చేతి సామానులో తీసేసుకుంటారు. ఐదు లీటర్ల డబ్బా దాదాపు ఐదు కిలోలు, టికెట్‌లో సామాను బరువు ఆ లెక్కన ముందే కొనిపెట్టుకోండి.